డైనోసార్‌ని జేబులో తిప్పకండి, డబ్బాలో వదలండి

జీపీఎస్‌తో దాచిన డబ్బాలు వెతికే ఆట జియోక్యాషింగ్, అందులో డబ్బా నుంచి డబ్బాకి చేతులు మారుతూ తిరిగే, కోడ్ ఉన్న బొమ్మ ట్రాకబుల్. సైట్‌లో దాని పేజీ ఓపెన్ చేయగానే అందరి కళ్ళూ కిలోమీటర్ల మీదే పడతాయి. మాది ఇంత తిరిగింది, మీది ఎంత తిరిగింది అని ఒకరినొకరు అడగడం, మ్యాప్ మీద గీతలు చూసి మురిసిపోవడం. మ్యాప్ చూడటం నాకూ ఇష్టమే, కాదనను. కానీ చాన్నాళ్ళుగా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పేస్తాను, ఆ కిలోమీటర్ల అంకె చూసి ఒక ట్రాకబుల్ బాగా బతికిందో లేదో చెప్పలేం, ఎంతమంది చేతులు మారిందో, ఆ చేతులవాళ్ళు దాని గురించి ఏం రాశారో చూస్తేనే తెలుస్తుంది. డైనోసార్ బొమ్మల విషయంలో అయితే ఇది మరీ నిజం. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త వెనక్కి వెళ్తాను. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాని తీసేసింది, అప్పటిదాకా మామూలు జనం దగ్గరున్న రిసీవర్లు వంద మీటర్ల దాకా అటూఇటూగా చూపించేవి, రాత్రికి రాత్రి అది పది ఇరవై మీటర్లకు దిగింది. ఇంకేముంది, మే 3నే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌ని సగం పాతిపెట్టి, కోఆర్డినేట్స్ ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేర్, కొంచెం డబ్బు, ఒక పంగలకర్ర, ఒక బీన్స్ టిన్ను. దొరికించుకున్నవాళ్ళు ఏదో ఒకటి తీసుకుని ఏదో ఒకటి పెట్టాలి, లోపలున్న పుస్తకంలో రాయాలి, అంతే రూల్. అలా మొదలైన జియోక్యాషింగ్‌లో ఇవాళ ప్రపంచమంతా కలిపి 30 లక్షలకు పైగా డబ్బాలు దాగి ఉన్నాయి.

ట్రాకబుల్ ఈ ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కలోకి రాదు. డబ్బాలో ఉన్న మామూలు బొమ్మ తీసుకుంటే మీ సొంతం, ట్రాకబుల్ తీసుకుంటే మీది కాదు, దాన్ని ఇంకో డబ్బా దాకా చేర్చే పని మాత్రమే మీది. చూడ్డానికి సైనికులు మెడలో వేసుకునే బిళ్ళలా ఉంటుంది, దాని మీద ఒక పురుగు బొమ్మ, పురుగు వీపు మీద బార్‌కోడ్ గీతలు, కింద ఆరు అక్షరాల ట్రాకింగ్ కోడ్. కొన్నప్పుడు అలాంటివి రెండు వస్తాయి, ఒకటి బొమ్మకి తగిలించి వదులుతారు, రెండోది ఓనర్ దగ్గర ఉంటుంది. ఆ కోడ్ జియోక్యాషింగ్ సైట్‌లో కొడితే ఆ బొమ్మ పేజీ వస్తుంది, ఎవరు వదిలారు, దానికి ఎక్కడికి వెళ్ళాలని ఉంది, ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గర ఉంది, అన్నీ. మీరు డబ్బాలోంచి తీసినప్పుడు రిట్రీవ్ అని లాగ్ చేస్తారు, ఇంకో డబ్బాలో పెట్టినప్పుడు డ్రాప్ అని. ఆ రెండు డబ్బాల మధ్య దూరం సరళరేఖలో కొలిచి దాని ఖాతాలో కలుపుతారు. మీరు కొండ చుట్టూ తిరిగి వెళ్ళారా, ఓడ ఎక్కి వెళ్ళారా దానికి అనవసరం.

ఇప్పుడు నా చేతికొచ్చిన ఒక డైనోసార్ సంగతి చెప్తాను. పాత మిలిటరీ తూటాల పెట్టె, ఆకుపచ్చ రంగుది, మూతకి రబ్బరు ఉంటుంది కాబట్టి నీళ్ళు పోవు, అందులో ఒక మూల ఉంది. వేలెడంత ట్రైసెరటాప్స్, గట్టి రబ్బరు లాంటి ప్లాస్టిక్. ముక్కు మీది చిన్న కొమ్ము అరిగిపోయి మొద్దుబారింది, వీపు మీద పెయింట్ లేచిపోయి కింద తెల్లగా కనిపిస్తోంది. మెడ వెనకాల విసనకర్రలా విచ్చుకుని ఉండే ఆ ఎముక పలక ఉంటుంది చూడండి, దానికి సన్నగా బెజ్జం వేసి అందులోంచి పూసల గొలుసు పోనిచ్చి బిళ్ళ తగిలించారు. ఎవరు చేశారో గానీ తెలిసి చేశారు, ఎందుకంటే తోకకో కాలికో కట్టి ఉంటే ఎప్పుడో విరిగి బిళ్ళ ఒకచోట బొమ్మ ఒకచోట అయ్యేవి. పక్కన లామినేట్ చేసిన చిన్న కార్డు, అంచున తడి పాకి సగం అక్షరాలు కరిగిపోయాయి, మిగిలినవాటిలో తెలిసిందల్లా దానికి తన చుట్టాల ఎముకలు దొరికిన చోట్లు చూడాలని కోరిక.

పేజీ తెరిచి చదివితే కథ రెండు ముక్కలుగా ఉంది. మొదటి ముక్కలో మనుషులు కనిపిస్తారు. ఒకరు దాన్ని వానలో నడుస్తూ తీసుకెళ్ళి ఒక వంతెన దగ్గర వదిలారు, ఇంకొకరు తమ కూతురు దానికి పేరు పెట్టిందనీ డబ్బాలో పెట్టేటప్పుడు ఏడ్చిందనీ రాశారు, ఒకాయన మ్యూజియంలో పెద్ద అస్థిపంజరం ముందు దీన్ని అరచేతిలో పెట్టుకుని ఫొటో తీశాడు. రెండో ముక్కలో ఒకే ఒక్క మనిషి. ఆయన దాన్ని తీసుకున్నాడు, ఇక వదల్లేదు. రోజూ దొరికిన ప్రతి డబ్బాకీ విజిట్, విజిట్, విజిట్, పేజీల కొద్దీ అదే మాట, ఒక ఫొటో లేదు, ఒక వాక్యం లేదు. కిలోమీటర్లు మాత్రం గబగబా పెరిగాయి. లెక్క ప్రకారం ఆ డైనోసార్ జీవితంలో ఎక్కువ దూరం తిరిగింది ఈ రెండో ముక్కలోనే. అది చదువుతుంటే నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే మొదటి ముక్కలో ప్రతి లాగ్‌కీ ఓనర్ జవాబు రాశాడు, థాంక్స్ చెప్పాడు, రెండో ముక్కలో కొంతకాలానికి ఆ జవాబులు ఆగిపోయాయి.

విజిట్ అంటే ఏంటో చెప్పలేదు కదా. ట్రాకబుల్ మీ దగ్గరే ఉంచుకుని, మీరు వెళ్ళిన డబ్బా దగ్గరికి అది కూడా వచ్చింది అని రాసుకునే లాగ్. ఆటలో ఉన్న లాగే, తప్పేం కాదు, దూరం కూడా కలుస్తుంది. యాప్‌లో ఒక్క ఆప్షన్ ఆన్ చేసి పెట్టుకుంటే మీ సంచిలో ఉన్న ట్రాకబుల్స్ అన్నిటికీ ప్రతి డబ్బా దగ్గరా అదే విజిట్ పడిపోతుంది, మీరు బొమ్మని బయటికి తీయక్కర్లేదు, అసలు ఆ రోజు సంచి ఇంట్లో మర్చిపోయి వచ్చినా పడిపోతుంది. నాకు అభ్యంతరం అక్కడే. ఓనర్‌కి మెయిల్ వస్తుంది, మీ డైనోసార్‌కి కొత్త లాగ్ వచ్చిందని, ఆశగా తెరిచి చూస్తే ఏమీ ఉండదు. అలాంటివి ఒక రోజులో ఇరవై వస్తే ఆ మనిషి నోటిఫికేషన్లు ఆపేసుకుంటాడు, ఆ తర్వాత ఎవరైనా నిజంగా మంచి ఫొటో పెట్టినా చూసేవాళ్ళుండరు.

దీనికి అవతలివాళ్ళు చెప్పే మాట నాకు తెలుసు, అది తీసిపారేయాల్సింది కాదు. నా దగ్గరుంటే సేఫ్ కదా, డబ్బాలో పెడితే పోతుంది కదా అంటారు. నిజమే, పోతాయి. డబ్బాలో నీళ్ళు చేరతాయి, ఆట తెలియనివాళ్ళ కంటపడి మాయమైపోతాయి, కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్ళు ఇది కూడా తీసుకోవచ్చనుకుని పట్టుకుపోతారు. డైనోసార్‌కైతే ఈ గండం రెండింతలు, పిల్లలకి అదంటే పిచ్చి, పెట్టెలో నాణేలూ కీచెయిన్లూ స్టిక్కర్లూ పది ఉన్నా వాళ్ళ చెయ్యి తిన్నగా డైనోసార్ మీదికే వెళ్తుంది. కానీ ఒక్కటి ఆలోచించండి, ఓనర్‌కి సేఫ్టీయే కావాలంటే దాన్ని తన బల్ల మీదే పెట్టుకునేవాడు. పోవచ్చని తెలిసే వదిలాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు తన బొమ్మని చూసుకుంటారో లేదో చూద్దామని వదిలాడు. ఆ రిస్క్ ఆయన తీసుకున్నాక మనం మధ్యలో దూరి కాపలా కాస్తామంటే అది ఆయన అడిగిన పని కాదు.

పైగా పోకుండా చూడటం మన చేతిలో చాలావరకు ఉంది. నేను డ్రాప్ చేసే ముందు ఆ డబ్బా లాగ్‌లు కిందికి స్క్రోల్ చేసి చదువుతాను, లోపల తడిగా ఉంది అని ఎవరైనా రాశారా, రాస్తే డబ్బా ఓనర్ వచ్చి బాగుచేశాడా. డబ్బా సైజు చూస్తాను. మైక్రో అంటే ఫిల్ము రీలు డబ్బీ అంత, నానో అంటే వేలి కొన అంత అయస్కాంతం బిళ్ళ, వాటిలో డైనోసార్ కాలు కూడా పట్టదు, స్మాల్ అని రాసినా నమ్మకం లేదు, పొడుగు మెడ ఉన్న జాతి అయితే మూత పడదు, బలవంతంగా నొక్కితే మెడ పోతుంది లేకపోతే మూత సరిగ్గా పడక డబ్బా మొత్తం పాడవుతుంది. రెగ్యులర్ అంటే లీటరు దాటినవి, అవే దీనికి ఇల్లు. మరీ రద్దీగా ఉండే పార్కు బెంచీ కిందా వద్దు, ఏడాదికొకరు ఎక్కే కొండ మీదా వద్దు, నెలకి నలుగురైదుగురు వచ్చి లాగ్ రాసిపోయే నడక దారి డబ్బా అయితే నాకు నిశ్చింత. ఇంకోటి, గుడ్డతో కుట్టిన డైనోసార్లు ముద్దుగా ఉంటాయి గానీ దయచేసి వదలకండి, తడి పీల్చుకుని బూజు పట్టి పక్కనున్న లాగ్‌బుక్‌ని కూడా చెడగొడతాయి. వదిలి తీరాలంటే గట్టి జిప్ కవర్‌లో పెట్టండి.

వదిలేవాళ్ళు కూడా కొంత చేయాలి. పిల్లల చెయ్యి ముందు పడేది బొమ్మ మీద కాబట్టి, ఇది బొమ్మ కాదు ప్రయాణికుడు అని అర్థమయ్యేలా కార్డు ఉండాలి, కార్డు మీద పెద్ద అక్షరాల్లో రెండే ముక్కలు, నన్ను ఉంచుకోవద్దు, ఇంకో డబ్బాలో పెట్టండి అని. కోరిక కూడా చిన్నగా ఉండాలి. ప్రపంచంలోని ప్రతి దేశమూ చూడాలి అని రాస్తే తీసుకున్నవాడికి తను చేయగలిగింది ఏమీ లేదనిపిస్తుంది. రాళ్ళున్న చోట ఫొటో తీయండి అని రాస్తే ఎవరైనా చేయగలరు.

ఎముకలు దొరికిన చోట్లు చూడాలనే కోరిక దగ్గర మాత్రం నా వాదన కాస్త తగ్గించుకోవాలి, ఎందుకంటే అలాంటి చోట్ల చాలావాటిలో డబ్బా పెట్టడానికి వీల్లేదు, పెట్టకూడదు కూడా. అక్కడ ఉండేవి ఎర్త్‌క్యాష్‌లు. 2004లో మొదలైన రకం ఇది, అమెరికా జియొలాజికల్ సొసైటీ పూనుకుని చేసింది. డబ్బా ఉండదు, లాగ్‌బుక్ ఉండదు, మీరు ఆ చోటికి వెళ్ళి రాయిని చూసి, పొరలు చూసి, అడిగిన ప్రశ్నలకి జవాబు పంపాలి. టెక్సస్‌లో గ్లెన్ రోజ్ దగ్గర పలక్సీ నది అడుగున డైనోసార్ల అడుగుజాడలున్నాయి, నీళ్ళు తగ్గిన రోజుల్లో తేటగా కనిపిస్తాయి, మూడు వేళ్ళ మాంసాహారులవీ, పక్కనే గంగాళమంత గుంటల్లాంటి పొడుగు మెడ జంతువులవీ. రోలండ్ బర్డ్ అనే ఆయన 1938లో అక్కడికి వెళ్ళి చూశాడు, ఆ తర్వాత ఆ జాడల్లో కొంత భాగాన్ని ముక్కలుగా కోసి తీసుకెళ్ళారు, న్యూయార్క్ మ్యూజియంలో ఉంది ఇప్పుడు. అలాంటి చోట మన వేలెడంత ట్రైసెరటాప్స్‌ని ఆ జాడ పక్కన నిలబెట్టి ఫొటో తీసి విజిట్ లాగ్ రాస్తే, దానికి మించిన లాగ్ ఏముంటుంది? అక్కడ వదలలేం కాబట్టి విజిటే దారి. కెనడాలో అల్బెర్టాలోని డైనోసార్ ప్రొవిన్షియల్ పార్కు, 1979లో యునెస్కో జాబితాలో చేరింది, ఇంగ్లండ్ దక్షిణ తీరంలో జురాసిక్ కోస్ట్, 2001లో చేరింది, ఇవి కూడా డైనోసార్ ట్రాకబుల్స్ కోరికల్లో రాయదగ్గ చోట్లే. అక్కడ ఫొటో తీసి నాలుగు వాక్యాలు రాసి, తిరిగి వస్తూ దారిలో మొదటి మంచి డబ్బాలో డ్రాప్ చేయండి. నేను వద్దంటున్నది విజిట్‌ని కాదు, ఏమీ రాయని విజిట్‌ని, ఎప్పటికీ డ్రాప్‌కి దారితీయని విజిట్‌ని.

దూరం కొలతే అసలు కొలత అనేవాళ్ళకి ఒక ఉదాహరణ చెప్తాను. ఇప్పటిదాకా అన్నిటికంటే దూరం వెళ్ళిన ట్రాకబుల్ అంగారకుడి మీద ఉంది. నాసా పర్సీవరెన్స్ రోవర్‌లో షెర్లాక్ అనే పరికరం ఉంది, దాన్ని సరిచూసుకోవడానికి పెట్టిన పలకలో వ్యోమగాముల హెల్మెట్ ముందు అద్దానికి వాడే పాలీకార్బొనేట్ ముక్క ఒకటి ఉంది, దాని మీద ట్రాకింగ్ కోడ్ చెక్కారు. 2020 జులై 30న బయల్దేరి దాదాపు 47 కోట్ల కిలోమీటర్లు వెళ్ళి 2021 ఫిబ్రవరి 18న దిగింది. రోవర్ పంపిన ఫొటోల్లో ఆ కోడ్ వెతికి పట్టుకుని జనం డిస్కవర్ అని, అంటే తీసుకోలేదు గానీ చూశాం అని, లాగ్ చేశారు. నాకు అదంటే ఎంతో ఇష్టం, అలాంటి ఆలోచన వచ్చినవాళ్ళకి దండం పెట్టాలి. కానీ కిలోమీటర్లే లెక్కయితే దాని ముందు మన బొమ్మలన్నీ కలిపినా సున్నా, ఇక ఎవరూ ఏదీ వదలక్కర్లేదు. దాన్ని ఎవరూ చేత్తో పట్టుకోలేరు, ఇంకొకరికి అందించలేరు. మన డైనోసార్‌కి ఉన్నదీ దానికి లేనిదీ అదే.

ఉల్మర్ బకెట్‌లోని బీన్స్ టిన్ను గుర్తుందా, ఆ బకెట్ పోయినా టిన్ను తర్వాత దొరికింది, తుప్పు పట్టిపోయి, దానికి కూడా ట్రాకింగ్ కోడ్ ఇచ్చారు. అది కొత్తగా ఉన్నప్పుడు ఎవరికీ అక్కర్లేని టిన్ను, ఇప్పుడు దాన్ని చూడటమే ఒక భాగ్యం అనుకునే జియోక్యాషర్లున్నారు. దాని విలువ అంతా దాని చుట్టూ చేరిన మనుషుల వల్ల వచ్చింది. అందుకే అసలు బొమ్మని ఇంట్లో పెట్టుకుని దాని ఫొటోని లామినేట్ చేసి వదిలేవాళ్ళని చూస్తే నాకు మనసొప్పదు. ఖరీదైన జియోకాయిన్, అంటే ట్రాకింగ్ కోడ్ ఉన్న నాణెం, అయితే సరే, అర్థం చేసుకోగలను. డైనోసార్ విషయంలో మాత్రం ఆ కొమ్ము అరగడం, ఆ పెయింట్ లేచిపోవడమే కదా కథ, కాగితానికి అది ఎక్కడిది?

ఇంకో రెండు విషయాలు గబగబా. బిళ్ళ తగిలించిన ఇలాంటి ట్రాకబుల్‌నే ట్రావెల్ బగ్ అంటారు, ట్రావెల్ బగ్ హోటల్ అని పెద్ద డబ్బాలుంటాయి, ట్రాకబుల్స్ మార్చుకోవడానికి, మంచి ఏర్పాటే, కానీ కొన్నిటిలో ఒకటి పెడితేనే ఒకటి తీసుకోవాలి అని రాసి పెడతారు. అలాంటివాటిని ఆటగాళ్ళు జైలు అనే పిలుస్తారు, సరిగ్గానే పిలుస్తారు. ట్రాకబుల్ తీసుకోవడానికి మీ దగ్గర ఇంకొకటి ఉండక్కర్లేదు, ఆ షరతు పట్టించుకోకుండా తీసి ముందుకు పంపించండి. రెండోది, కోడ్‌ల లిస్టులు. వందల కోడ్‌లు ఒకరికొకరు పంపుకుని, బొమ్మ మొహం చూడకుండా ఇంట్లో కూర్చుని డిస్కవర్ కొట్టేవాళ్ళున్నారు. దీనికి నా దగ్గర సమర్థన ఏమీ లేదు, అది అబద్ధం. అందుకే ఫొటో తీసేటప్పుడు బిళ్ళని బోర్లా తిప్పండి లేదా వేలితో కోడ్ మూయండి. పబ్లిక్‌గా కనిపించే నంబర్ టీబీ అని మొదలవుతుంది, అది ఎవరికైనా చెప్పొచ్చు, బిళ్ళ మీదున్నది చెప్పకూడదు.

ఎంతకాలం ఉంచుకోవచ్చు అని అడుగుతారు. రెండు వారాలు అనేది అందరూ పాటించే మాట, అంతకంటే ఆలస్యమయ్యేట్టుంటే ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, ఫలానా ఊరు వెళ్తున్నాను అక్కడ వదులుతాను అని. ఎవరూ కాదనరు. కొంతమంది ఓనర్లు అయితే ఉంచుకుని తిప్పండి, ఫొటోలు పెట్టండి అని వాళ్ళే రాస్తారు, రేసులు పెట్టుకున్నవాళ్ళకి దూరమే కావాలి, అప్పుడు వాళ్ళ మాటే మాట. పేజీ చదవడానికి ఒక నిమిషం పడుతుంది, చదవండి.

ఆ ట్రైసెరటాప్స్‌ని నేను ఒక నది ఒడ్డున పెద్ద మూత డబ్బాలో వదిలాను, కొత్త కార్డు రాసి. దాని కోరికకి దగ్గరగా ఉండాలని అక్కడి సున్నపురాయి గుట్ట ముందు ఫొటో తీసి, ఆ రాయిలో గవ్వల ముద్రలున్నాయని రాశాను. ఓనర్ జవాబు రాశాడు, చాన్నాళ్ళకి మళ్ళీ మనిషి మాట విన్నట్టుంది అని. ఆ తర్వాత దాన్ని ఎవరో తీశారు, డబ్బాలో లేదని అక్కడి లాగ్‌లు చెప్తున్నాయి, కానీ ఎవరూ రిట్రీవ్ లాగ్ చేయలేదు. డబ్బా పేజీలో మాత్రం ఇంకా ఉన్నట్టే చూపించేది, చివరికి ఓనర్ మిస్సింగ్ అని పెట్టాడు. అంటే పోయిందని కాదు, ఎక్కడుందో తెలియదని. అలా పెట్టిన తర్వాత కూడా కోడ్ పనిచేస్తుంది. మీ ఇంట్లో పిల్లల బొమ్మల మధ్య గొలుసు, బిళ్ళ ఉన్న డైనోసార్ ఏదైనా కనిపిస్తే, ఎన్నేళ్ళయినా సరే, కోడ్ కొట్టి గ్రాబ్ అనే లాగ్ చేయండి, ఏ డబ్బాలోంచి తీశారో గుర్తు లేకపోయినా తీసుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు, ఎక్కడిదని అడగరు. ఓనర్‌కి ఆ క్షణమే మెయిల్ వెళ్తుంది. తర్వాత రెగ్యులర్ సైజు డబ్బా ఒకటి వెతికి, లాగ్‌లో నాలుగు వాక్యాలు రాసి పెట్టేయండి.